నాచు ముక్క చెప్పిన లెక్క

కిరణజన్య సంయోగక్రియ అనగానే మనలో చాలామందికి హైస్కూలు నుంచి కంఠస్థం చేస్తూ వచ్చిన ఒక నిర్వచనం, దాని కింద ఒక సమీకరణం గుర్తుకొస్తాయి. బొగ్గుపులుసు వాయువు, నీరు, సూర్యరశ్మి, పత్రహరితం. వీటి నుంచి పిండి పదార్థం, ప్రాణవాయువు. పరీక్షలో నాలుగు మార్కులు. 2025 ఆగస్టు దాకా నా పరిస్థితీ అంతే. ఆ నెలలో మా తరగతి చేసిన ఒక చిన్న ప్రయోగం, అందులో నేను చేసిన ఒక తప్పు, ఆ తప్పు దిద్దుకోబోతే మా పొలంలో తేలిన ఒక సంగతి ఈ వ్యాసంలో మనవి చేస్తాను. సైన్సు విద్యార్థులకు తెలిసిన విషయాలు కొన్ని మళ్ళీ చెబుతున్నందుకు క్షమించగలరు. ఆర్ట్సు, కామర్సు మిత్రులు గూడా చదవాలని ఆశ.

ప్రయోగశాలలో జరిగింది

ప్రయోగం మీకు తెలిసిందే. హైడ్రిల్లా అనే నీటిమొక్క కొమ్మను, మనవైపు చెరువుల్లో నాచు అనేదాన్ని, నీటిలో ఉంచే కోసి, కోసిన కొన పైకి ఉండేట్లు బీకరులో పెట్టాలి. ఎదురుగా దీపం వెలిగిస్తే కొన నుంచి బుడగలు వరసగా పైకి లేస్తాయి. నిమిషానికి ఎన్ని బుడగలో లెక్కపెట్టాలి. దీపాన్ని 60 సెంటీమీటర్ల దూరంలో ఒకసారి, 30లో ఒకసారి, 15లో ఒకసారి ఉంచాలి. దూరం సగమైతే కొమ్మ మీద పడే వెలుతురు నాలుగింతలవుతుంది. అంటే 60 దగ్గర వెలుతురు ఒక వంతు అనుకుంటే, 30 దగ్గర నాలుగు వంతులు, 15 దగ్గర పదహారు వంతులు.

మా బల్ల మీద వచ్చిన లెక్క ఇది: 60 దగ్గర 8 బుడగలు, 30 దగ్గర 19, 15 దగ్గర 20. మొదటిసారి బాగానే పెరిగింది. రెండోసారి వెలుతురు నాలుగింతలైనా ఒక్క బుడగే పెరిగింది. మూడుసార్లు లెక్కపెట్టాం, అదే వరస. పక్క బల్లల వాళ్ళవీ ఇంచుమించు అలాగే ఉన్నాయి.

అప్పుడు మేమేం చేశామో దాచకుండా చెబుతాను. సీనియర్ల రికార్డు ఒకటి చేతులు మారింది. అందులో 10, 20, 40 అని ఉంది. గ్రాఫు గీస్తే ముచ్చటగా పైకి పోతుంది. మా 8, 19, 20 గీస్తే విరిగిన గొడుగు కాడలా ఉంది. అంచేత నేనూ 10, 20, 40 అనే రాశాను. అందరం అదే రాశాం.

మరుసటి వారం మా వృక్షశాస్త్ర అధ్యాపకులు రికార్డులు దిద్దుతూ తలెత్తి, "ఇరవై నాలుగు మంది, ఇరవై నాలుగు కొమ్మలు. అన్నీ ఒకే లెక్క చెప్పాయా? నాచు పెట్టారా, మిలిటరీ పెరేడు పెట్టారా?" అన్నారు. తరగతి నవ్వింది గాని నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన కోప్పడలేదు. "మీకు నిజంగా వచ్చిన లెక్క ఏది?" అని అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ రోజు బీకర్లలో ఏ నీళ్ళు పోశారయ్యా?" అన్నారు. నాకు తెలియలేదు. అటెండరును అడిగితే, ఆ పూట కుళాయి రాలేదని, తాగటానికి తెచ్చిన ఆర్.ఓ. క్యాను నీళ్ళు పోశామని చెప్పాడు. "అయితే మీకొచ్చిన లెక్క తప్పు కాదు. మీరు రాసిందే తప్పు. ఎందుకో కనుక్కుని రండి" అన్నారు సార్.

కొంచెం చరిత్ర

ఈ బుడగలకు పెద్ద చరిత్రే ఉంది. 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మ ఉంచితే కొన్నాళ్ళకు ఆ గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలుగుతుందని చూశాడు. కాని అది ఒకసారి జరిగేది, ఒకసారి జరిగేది కాదు. కారణం 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ చెప్పాడు: మొక్కలోని ఆకుపచ్చ భాగాలే, అదీ వెలుతురులోనే, గాలిని బాగుచేస్తాయి. ఆయన గూడా నీటిలో ముంచిన ఆకుల నుంచి ఎండలో లేచే బుడగలనే గమనించాడు. తరువాత 1782లో జెనీవాకు చెందిన సెనెబియె, దీనికి కార్బన్ డయాక్సైడ్ అవసరమని చూపాడు. బుడగలోని ఆక్సిజన్ వచ్చేది కార్బన్ డయాక్సైడ్ నుంచి కాదు, నీటి నుంచి అని రూబెన్, కామెన్ ప్రభృతులు బరువైన ఆక్సిజన్ ఐసోటోపు వాడి 1941లో తేల్చారు.

మన ప్రశ్నకు సంబంధించినవాడు మాత్రం ఫ్రెడరిక్ ఫ్రాస్ట్ బ్లాక్‌మన్. 1905లో ఆయన అవధి కారకాల సిద్ధాంతం ప్రకటించాడు. దాని సారాంశం: ఒక పని వేగం పలు కారకాల మీద ఆధారపడి ఉన్నప్పుడు, వాటిలో అన్నిటికంటే కొరతగా ఉన్న కారకమే ఆ వేగాన్ని నిర్ణయిస్తుంది. మిగిలినవి ఎంత పెంచినా లాభం లేదు. ఎరువుల విషయంలో ఇలాంటి మాటే 19వ శతాబ్దంలో జర్మనీలో లీబిగ్ ప్రచారంలోకి తెచ్చాడు.

ఇది మనకు కొత్త సంగతేం కాదు. మడిలో నాట్లు వేసే ఆడవాళ్ళు పదిమంది ఉండి, నారు కట్టలు అందించే మనిషి ఒక్కడే ఉన్నాడనుకోండి. ఇంకో పదిమందిని పిలిస్తే నాటు తొందరగా అవుతుందా? కాదు. ఇరవైమందీ నడుం మీద చేయి పెట్టుకుని నారు కోసం చూస్తుంటారు. కావలసింది నారు అందించే ఇంకో మనిషి.

నీళ్ళ సంగతి

మా ప్రయోగంలో జరిగింది ఇదే. గాలిలో ఉండే మొక్క కార్బన్ డయాక్సైడును గాలి నుంచి తీసుకుంటుంది. నీటిలో మునిగిన హైడ్రిల్లా నీటిలో కరిగినదాన్నే తీసుకోవాలి. నీటిలోని బైకార్బొనేటు లవణాలను గూడా అది వాడుకోగలదు. మన ప్రాంతపు బావుల్లో, బోర్లలో నీళ్ళు కాచే గిన్నెకు తెల్లగా పొర కట్టే రకం. అందులో బైకార్బొనేట్లు దండిగా ఉంటాయి. ఆర్.ఓ. యంత్రం లవణాలను చాలావరకు తీసేస్తుంది. మనకు తాగటానికి తియ్యగా ఉన్న ఆ నీళ్ళు నాచుకు పస్తు నీళ్ళు. వెలుతురు పదహారింతలు పెంచాం గాని, తినటానికి ఏమీ పెట్టలేదు.

ఇది ఊహ. రుజువు చేయాలి కదా! వినాయక చవితి సెలవులకు ఊరికి పోతూ, సార్ అనుమతితో ప్రయోగశాల థర్మామీటరు ఒకటి తీసుకుపోయాను.

ఇంటి దగ్గర ప్రయోగం

మాది చండ్రుగొండ. పాత ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఒకపక్క వరి, పత్తి, మిరప, మొక్కజొన్న, ఈమధ్య ఆయిల్‌పాం. ఇంకోపక్క కనకగిరి గుట్టల అడవి. చెరువులో నాచుకు కొదవలేదు. బీకర్లకు బదులు రెండు గాజు సీసాలు, గాలి చొరబడని మూతలు తీసేసి. దీపానికి వినాయకుడి పందిరి కోసం తెచ్చినవాటిలో మిగిలిన ఎల్.ఇ.డి. ఫోకస్ లైటు. దూరం కొలవటానికి మా అమ్మ కుట్టుమిషను టేపు. స్థలం రాత్రిపూట గొడ్ల కొట్టం. లెక్కకు మా నాయనమ్మ సాయం. ఆమెకు చదువు రాదు గాని, బుడగ లేచినప్పుడల్లా ఒక చింతగింజ పక్కన పెట్టటంలో ఒక్కటి గూడా తప్పలేదు.

ఒక సీసాలో వాటర్ ప్లాంటు క్యాను నీళ్ళు. రెండోదానిలో అవే నీళ్ళు, లీటరుకు అర చెంచా వంట సోడా కలిపి. వంట సోడా అంటే సోడియం బైకార్బొనేటే కదా. రెండిటిలో ఒకే పొడుగు కొమ్మలు, ఒకే చెరువువి. దీపం జరిపిన ప్రతిసారీ పది నిమిషాలు ఆగి, తరువాత మూడుసార్లు లెక్కపెట్టి సగటు తీశాం. వచ్చిన సగటులు ఇవి, నిమిషానికి:

60 సెంటీమీటర్లు: క్యాను నీళ్ళలో 6, సోడా నీళ్ళలో 7.
30 సెంటీమీటర్లు: క్యాను నీళ్ళలో 13, సోడా నీళ్ళలో 19.
15 సెంటీమీటర్లు: క్యాను నీళ్ళలో 14, సోడా నీళ్ళలో 38.

ఈ మూడు వరసలను తొందరపడకుండా చూడమని పాఠకులను కోరుతున్నాను. 60 దగ్గర సోడా వేసినా వేయకపోయినా దాదాపు ఒకటే. ఎందుకంటే అక్కడ కొరత వెలుతురుది. 15 దగ్గర వెలుతురు పుష్కలం. అక్కడ కొరత కార్బనుది. చిటికెడు సోడాతో వేగం రెండింతలు దాటింది. క్యాను నీళ్ళలో 30 నుంచి 15కు పోయినా పెరిగింది ఒక్క బుడగే. అంటే మేము ప్రయోగశాలలో చూసిందే. ఒకే సోడా ఒకచోట దండగ, ఇంకోచోట ప్రాణాధారం. సోడా మంచిదా కాదా అని అడిగితే జవాబు లేదు. అక్కడ కొరత దేనిది అని అడగాలి.

జాగ్రత్తలు కొన్ని చెప్పాలి. బుడగలన్నీ కిరణజన్య సంయోగక్రియవే కానక్కర్లేదు. నీరు వేడెక్కితే కరిగిన గాలి గూడా బుడగలై లేస్తుంది. కళాశాలలో మేము వాడిన పాత ఫిలమెంటు బల్బు దగ్గరికి జరిపినప్పుడు నీరు ఎంత వేడెక్కిందో మేము చూడనే లేదు. బల్బుకూ బీకరుకూ మధ్య నీళ్ళు నింపిన గాజు తొట్టి అడ్డం పెట్టటం అందుకే. ఇంట్లో కొలిస్తే ఒక డిగ్రీ మాత్రమే పెరిగింది. కొమ్మ లేని సీసా ఒకటి దీపం ముందు పెట్టి చూశాం. బుడగల వరస రాలేదు. కొమ్మ ఉన్న సీసా మీద గోనెసంచి కప్పితే కొద్దిసేపటికి బుడగలు ఆగాయి. సంచి తీస్తే మళ్ళీ మొదలు. నాయనమ్మ అన్నిటికంటే దీనికే ఆశ్చర్యపోయింది. ఇంకా, బుడగలన్నీ ఒకే సైజు ఉండవు, బుడగంతా ఆక్సిజనూ కాదు. అంచేత ఈ లెక్క పోల్చటానికి పనికొస్తుంది గాని, ఇంత ఆక్సిజన్ వచ్చిందని చెప్పటానికి పనికిరాదు.

వేడి సంగతి

వెలుతురు, కార్బన్ డయాక్సైడ్ తరువాత మూడో ముఖ్య కారకం ఉష్ణోగ్రత. ఈ క్రియలో కొంత భాగం వెలుతురు వల్ల, కొంత భాగం ఎంజైముల వల్ల జరుగుతుంది. వేడి పెరిగితే ఎంజైముల పని ఒక హద్దు దాకా వేగమవుతుంది, హద్దు దాటితే చెడుతుంది. మన వేసవి మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటినప్పుడు చాలా మొక్కలు నీరు కాపాడుకోవటానికి ఆకుల మీది పత్రరంధ్రాలు మూసుకుంటాయి. మూసుకుంటే కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు. ఎండ నిప్పులు చెరుగుతున్నా ఆకుకు ఆకలే!

వరి, పత్తి, మిరప లాంటి సీ-3 మొక్కలకు ఈ బాధ ఎక్కువ. మొక్కజొన్న, జొన్న, చెరకు లాంటి సీ-4 మొక్కలు కార్బన్ డయాక్సైడును ముందుగా ఒకచోట పోగుచేసుకునే ఏర్పాటు కలవి. ఎండను, వేడిని బాగా వాడుకుంటాయి. 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ ఈ మార్గాన్ని వివరించారు. తరువాతి దశకంలోనే మన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్, ఆయన శిష్యులు ఎ.ఎస్. రాఘవేంద్ర ఈ సీ-4 మొక్కల మీద పరిశోధనలు ప్రచురించారు. రాఘవేంద్ర గారు ఆ పైన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో చిరకాలం ఇదే రంగంలో పనిచేశారు. ఇంకో తమాషా ఏమంటే, మన హైడ్రిల్లా మామూలుగా సీ-3 మొక్కే. నీటిలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఎండా వేడీ ఎక్కువైతే అది సీ-4 పద్ధతికి మారగలదు. చెరువులో కాలికి చుట్టుకుంటే విసిరికొట్టే మొక్కకు ఇంత విద్య ఉంది!

నీడ మడి

ఇక మా పొలం సంగతి. మాకు అడవి అంచున అర ఎకరం మడి ఉంది. తూర్పున అడవి చెట్లు, మద్ది, టేకు. పొద్దు బాగా ఎక్కితే గాని ఆ మడి మీద ఎండ పడదు. మేము నీడ మడి అంటాం. అక్కడ వరి పొడుగ్గా, సన్నగా, పచ్చగా పెరుగుతుంది, కంకిలో తాలు ఎక్కువ. బావి కింద మడితో పోలిస్తే పంట ఎప్పుడూ తక్కువే. చెట్లు ప్రభుత్వ అడవివి. కొట్టే మాట లేదు, కొట్టాలనీ మాకు లేదు. అంచేత మా నాయన ఏటా చిరుపొట్ట దశలో ఆ మడికి మిగతా మడులకంటే అర బస్తా యూరియా ఎక్కువ వేసేవాడు.

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియాకు ఎంత కటకటగా ఉందో అందరికీ తెలుసు. 45 కిలోల బస్తా కోసం జనం తెల్లవారుజామునే లైన్లో నిలబడ్డారు. మా నాయన గూడా రెండు రోజులు కూలి పని, ఇంటి పని వదులుకుని నిలబడ్డాడు. చవితి మరునాడు అన్నం తింటూ నేను సీసాల సంగతి చెప్పి, "నీడ మడిలో కొరత ఎండది నాయనా, యూరియాది కాదు. ఆ అర బస్తా 60 సెంటీమీటర్ల దగ్గర వేసిన సోడా లాంటిది" అన్నాను.

"నీడకు పంట తక్కువని నాకు తెలవదా? తక్కువైతది గనకనే ఎరువు ఎక్కువేస్తున్న. నీ నాచు ముక్క నాకు సేద్యం నేర్పుద్దా?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆలోచిస్తే, మేమంతా చేసే పొరపాటు ఆ ఒక్క మాటలోనే ఉంది. కొరత దేనిదో తెలిసి గూడా, మన చేతిలో ఉన్నదాన్నే పెంచుతాం. ఎండ మన చేతిలో లేదు, బస్తా ఉంది. నేను చేసిందీ అదే కదా. సరైన లెక్క నా చేతిలో లేదనుకుని, చేతిలో ఉన్న రికార్డు ఎక్కించాను.

నాయనమ్మ మధ్యలో కల్పించుకుని, "సగానికి వెయ్, సగానికి ఆపు. చూస్తే పోయిందేముంది?" అంది. ప్రయోగంలో పోలిక కోసం ఒక భాగాన్ని మార్చకుండా ఉంచాలని మాకు మూడేళ్ళుగా చెబుతున్న పాఠం అదే. మడికి అడ్డంగా, తూర్పు నుంచి పడమరకు తాడు కట్టాం, రెండు సగాలకూ నీడ సమానంగా పడేట్లు. ఒక సగానికి నాయన ఎప్పటిలా ఎక్కువ ఎరువు వేశాడు. ఇంకో సగానికి మిగతా మడులకు వేసినంతే.

అక్టోబరులో ఎరువు ఎక్కువ వేసిన పక్క ఆకు ముదురు పచ్చగా కళకళలాడింది. నాయన నా వైపు చూసి నవ్వాడు. నేను మాట్లాడలేదు. తరువాత ఆ పక్కనే ఆకుముడత పురుగు ఎక్కువ కనిపించింది. గాలివానకు ఆ పక్కే ఎక్కువ పడిపోయింది. ఆ మడి మాత్రం మిషనుతో కాకుండా కొడవళ్ళతో కోసి, రెండు సగాలూ వేరువేరుగా నూర్చాం. ఎరువు ఎక్కువ వేసిన పక్క మూడు బస్తాల మీద ఒక తట్ట వడ్లు. వేయని పక్క మూడు బస్తాల మీద రెండు తట్టలు.

ఒక తట్ట తేడా చూసి నాది గెలుపు అని నేను అనను. ఒక తట్ట అటూ ఇటూ కావటానికి కోతలో రాలిన గింజలు చాలు. ఒక మడి, ఒక కారు. దీన్ని రుజువు అనరు. చెప్పగలిగింది ఒకటే: అదనపు యూరియా వల్ల మాకు కనబడే లాభమేమీ రాలేదు. బావి మడిలో, ఎండ నిండుగా పడేచోట, ఎరువు తగ్గిస్తే పంట తగ్గదని గూడా నేను చెప్పటం లేదు. అక్కడ కొరత వేరే కావచ్చు. యాసంగిలో మబ్బులు తక్కువై ఎండ బాగా ఉన్నప్పుడు వరి వానాకాలం కంటే ఎక్కువ పండటం మన రైతులు ఎరిగిన విషయమే. వెలుతురు కొరత తీరగానే నీరు, ఎరువు తమ పని చూపిస్తాయి.

మా నాయన ఓడిపోయానని అనలేదు. బస్తాల లెక్క విని, గట్టు మీద కూర్చుని కాసేపు చెట్ల వైపు చూసి, "పసుపుకు నీడ అంత పట్టింపు ఉండదంటరు. వచ్చే ఏడు ఓ నాలుగు సాళ్ళు పెట్టి చూద్దాం" అన్నాడు. పెట్టి చూద్దాం అన్న మాట నాకు చాలా నచ్చింది.

ముగింపు

బ్లాక్‌మన్ చెప్పినట్లు గ్రాఫు ఒక్కసారిగా విరిగి అడ్డంగా పోదని, మెల్లగా వంగుతుందని తరువాతివారు చూపారు. ఆకులోని కణాలన్నిటికీ వెలుతురు ఒకేలా అందదు, కారకాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి. అయినా అసలు సూత్రం చెక్కుచెదరలేదు. 1958లో గాలిలో పది లక్షల పాళ్ళకు 315 పాళ్ళున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అందులో మన కొత్తగూడెం బొగ్గు పొగ గూడా ఉంది. ఆ బొగ్గు కోట్ల ఏళ్ళ నాటి మొక్కలు ఇదే క్రియతో దాచిన కార్బనే. గాలిలో అది పెరిగితే పంటలు పెరుగుతాయి కదా అని కొందరంటారు. నీరు చాలనిచోట, నేలలో సారం లేనిచోట, వేడి హద్దు దాటినచోట అది గూడా నీడ మడిలో యూరియాలాంటిదే.

సెలవుల నుంచి రాగానే నా రికార్డులో 10, 20, 40 మీద అడ్డగీత గీసి, పక్కన 8, 19, 20 అని రాసి, ఎందుకలా వచ్చిందో కింద ఒక పేజీ రాసి సార్‌కు ఇచ్చాను. కొత్త పేజీ అంటించుకోనా అని అడిగితే వద్దన్నారు. కొట్టివేత కిందనే సంతకం పెట్టి, "ఇది ఇలాగే ఉండనీ" అన్నారు.

వచ్చే ఏడు ఈ ప్రయోగం చేసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నా మనవి ఒకటే. నా రికార్డు కావాలంటే తప్పక ఇస్తాను. కాని అందులోని అంకెలు ఎక్కించుకోవద్దు. మీ నీళ్ళు వేరు, మీ కొమ్మ వేరు, మీకొచ్చే లెక్కా వేరు. ముందు బీకరులో ఏ నీళ్ళు పోశారో అడిగి రాసుకోండి.